ముగ్గు బటన్

నేను ఒక బటన్ని. చొక్కా బటన్ని కాదు, కారులో ఏసీ వేసే బటన్ని. బొటనవేలంత ఉంటాను. నా ముఖం మీద తెల్లని మంచుపువ్వు బొమ్మ అచ్చుగుద్ది ఉంటుంది. దాన్ని గీసిన పెద్దమనిషి ఏ మంచుదేశం వాడో గానీ, గుంటూరులో మంచుపువ్వుని చూసినవాళ్ళు ఎవరున్నారు? ఇక్కడి ఆడవాళ్ళందరూ దాన్ని ముగ్గనే అనుకున్నారు. "ఆ ముగ్గు బటన్ నొక్కండి మాస్టారూ, చెమటలు కారిపోతన్నయ్" అనేవాళ్ళు. ఆ పేరు నాకు నచ్చింది. నా బతుకులో గర్వంగా చెప్పుకోగలిగింది ఆ పేరొక్కటే. మిగతాదంతా తల దించుకుని చెప్పవలసిందే.

నేను పుట్టింది చెన్నై పక్కన ఒక ఫ్యాక్టరీలో. ఒకే అచ్చులో పోసిన అన్నదమ్ములు నాకు వేలమంది. పుట్టగానే మాకు నేర్పిన పాఠం ఒక్కటే. మేము ఆజ్ఞాపించేవాళ్ళం కాదు, మనవి చేసుకునేవాళ్ళం. నన్ను నొక్కితే నేను నేరుగా ఏసీని వేయను. నా వెనక నుంచి ఒక పచ్చ తీగ ఇంజన్ కంప్యూటర్ దాకా వెళుతుంది. ఆ తీగ గుండా "అయ్యా, లోపలివాళ్ళకి చల్లగాలి కావాలట" అని చెప్పుకుంటాను. కంప్యూటర్ అటూ ఇటూ చూసుకుంటుంది. ఇంజన్ మరీ వేడెక్కిందా, బండి ఎత్తు ఎక్కుతోందా అని ఆరా తీస్తుంది. అంతా బాగుంటే ముందు ఇంజన్‌కి రవ్వంత గాలి, రవ్వంత పెట్రోలు ఎక్కువిచ్చి, ఆ తరవాతే కంప్రెసర్‌ని తగిలిస్తుంది. ఎందుకంటే కంప్రెసర్ అంటే ఇంజన్ నెత్తిన పెట్టే బరువు. మిర్చి యార్డులో హమాలీ వీపు మీద టిక్కీ, అదే మిర్చి బస్తా, వేసేముందు "వేస్తన్నాం, కాసుకో" అని కేకేస్తారు చూడండి, అదే ఇది. ఆ కేక లేకుండా వేస్తే ఎంత బలమైన హమాలీ అయినా ముందుకు తూలతాడు.

నా మొదటి యజమాని పిడుగురాళ్ళలో సున్నం బట్టీలున్న ఆసామి. కారెక్కగానే నన్ను నొక్కి, చల్లగాలి రాగానే మీసం దువ్వుకునేవాడు. తానే ఆ గాలిని పుట్టించినట్టు ఆయన ధీమా. నేను పచ్చ తీగలో మనవి చేసుకున్న సంగతిగానీ, కంప్యూటర్ దయతలచిన సంగతిగానీ ఆయనకి అక్కర్లేదు. మనుషుల్లో చాలామంది అంతే. అయినా అవి నాకు మంచి రోజులు. ఒకసారి కాలవగట్టు మీద ఆయన డ్రైవరు కునుకు తీయడంతో కారు బోర్లాపడింది. మనుషులు బతికారు, కారు పోయింది. ఏసీ సామానంతా విడదీసి, కంప్రెసర్‌కి నన్ను తాడుతో కట్టి, గుంటూరు ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్టు ముందు పడేశారు.

అక్కడికి వచ్చాడు కోటిలింగం. డ్రైవింగ్ స్కూల్ కోటిలింగం అంటే ఊళ్ళో చాలామందికి తెలుసు. బట్టతల, బిగుతు చొక్కా, కారు నెత్తిన "ఆడవారికి ప్రత్యేకముగా నేర్పబడును" అనే బోర్డు. ఆ కారు ఏసీ లేని రకం. ఆయన నేర్పే దారి మిర్చి యార్డు పక్కనుంచి పోతుంది. ఎండాకాలమే మిర్చి కాలం కూడా. అద్దాలు దించితే మిరప ఘాటుకి నేర్చుకునేవాళ్ళు తుమ్ముతూ స్టీరింగ్ వదిలేసేవాళ్ళు. ఎత్తితే ఉడికిపోయేవాళ్ళు. ఈలోగా పక్కవీధిలో మరో డ్రైవింగ్ స్కూలు వాళ్ళు ఏసీ కారు తెచ్చారు. ఇక ఆడవాళ్ళంతా అటు మళ్ళుతున్నారని కోటిలింగం ఈ పాత ఏసీ కొని, ఆటోనగర్‌లో ఏసీ పనులు చేసే నాంచారయ్యకి అప్పగించాడు.

నాంచారయ్య చేతులు పనిమంతుడి చేతులే. గొట్టాలు బిగించాడు, గ్యాస్ ఎక్కించాడు, డాష్‌బోర్డుకి చిల్లి కోసి నన్ను కూర్చోబెట్టాడు. నా వెనక తీగల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయనకి భయం పట్టుకుంది. బ్యాటరీ నుంచి ఒక తీగ లాగి, నా గుండా కంప్రెసర్‌కి నేరుగా కలిపేశాడు. కంప్యూటర్ వైపు వెళ్ళవలసిన పచ్చ తీగ కొసకి నల్ల టేపు చుట్టి లోపలికి తోసేశాడు.

"ఆ పచ్చ వైరేంది నాంచారయ్యా, మిగిలిపోయింది?" అని కోటిలింగం అడగనే అడిగాడు.

"అది కంప్యూటర్ వైరు బావా. దాని జోలికి పోతే బండి స్టార్టవ్వదు, షోరూముకి మోసుకుపోవాల. మనకెందుకొచ్చిన గోల? చల్లంగా వస్తందా లేదా?"

కోటిలింగం గాలి ముందు చెయ్యి పెట్టి చూశాడు. "వస్తంది" అన్నాడు. అంతటితో నా నోరు కట్టేశారు.

ఆ రోజు నుంచి నన్ను నొక్కగానే నా ముఖం మీద దీపం ఠీవిగా వెలిగేది. లోపల మాత్రం నేను ఎవరికీ ఏమీ చెప్పలేకపోయేవాణ్ణి. ఇంజన్‌కి తెలియకుండానే దాని వీపు మీద బరువు పడేది. టక్ మని శబ్దం, ఇంజన్ ఒక్క తూలు తూలేది. లోపల చల్లబడితే కంప్రెసర్ దానంతటదే ఆగి, వేడెక్కితే మళ్ళీ టక్ మని పట్టుకునేది. ఎప్పుడు పట్టుకుంటుందో నాకే తెలియదు. బండి పరుగులో ఉంటే ఫరవాలేదు. నిలబడిన బండిని మెల్లగా కదిలిస్తూ, వణుకుతున్న కాలితో క్లచ్ వదిలే క్షణాన పట్టుకుందా, ఇంజన్ చచ్చి ఊరుకునేది.

ఏళ్ళ తరబడి నడిపిన కాలు ఇంజన్ తూలగానే చిటికెడు ఆక్సిలరేటర్ దానంతటదే తొక్కేస్తుంది. అందుకే కోటిలింగం చేతిలో బండి ఒక్కనాడూ ఆగలేదు. కొత్తవాళ్ళ చేతిలోనే ఆగేది. డ్రైవింగ్ స్కూలు కారు ఆగిపోతే కారుని ఎవరు అనుమానిస్తారు? మరే కారులోనైనా ఈ జబ్బు వారం తిరక్కుండా బయటపడేదేమో గానీ, ఈ కారులో దాక్కున్నంత హాయిగా ఇంకెక్కడా దాక్కోలేదు.

"అమ్మా, ఆ కాలు మీదేనా, పక్కింటోళ్ళ దగ్గర అడిగి తెచ్చుకున్నారా?"

బండి ఆగినప్పుడల్లా కోటిలింగం అనే మాట అది. చెడ్డ మనసుతో అనేవాడు కాదు. అదొక హాస్యం అనుకునేవాడు. వెనక సీట్లో కూర్చుని తమ వంతు కోసం చూసే ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు, తమ వంతు వచ్చేదాకా. చలికాలంలో నన్ను ఎవరూ ముట్టుకోరు కాబట్టి అప్పుడు చేరినవాళ్ళు చకచకా నేర్చుకునేవాళ్ళు. దాంతో చలికాలం బ్యాచ్ చురుకైనదనీ, ఎండాకాలం బ్యాచ్ మొద్దుదనీ, ఎండకి బుర్ర పనిచెయ్యదనీ ఆయన ఒక సిద్ధాంతం కూడా కట్టాడు. లైసెన్సు పరీక్ష రోజున మాత్రం "పికప్ రాదు, ఏసీ వద్దు" అని నన్ను ఆపేసేవాడు. గ్రౌండ్ గేటు దగ్గర టైరు కింద నిమ్మకాయ పెట్టి తొక్కించేవాడు. ఆ రోజు బండి ఒక్కసారి కూడా ఆగేది కాదు. పేరంతా నిమ్మకాయకి, నిందంతా ఆడవాళ్ళ కాళ్ళకి.

పశువుల మందుల కొట్టు నడిపే ఇందుమతి అనే ఆవిడ ఒక మే నెలలో చేరి, బండి ఆగినప్పుడల్లా "సారీ అండీ, సారీ అండీ" అంటూ, చివరికి ఒకరోజు "నాకు రాదులెండి మాస్టారూ, నా కాలంతే" అని దిగిపోయింది. మళ్ళీ రాలేదు. ఆవిడ ఎక్కినప్పుడు నన్ను చూసి, "ఎంత చక్కటి ముగ్గో" అనుకుంటూ వేలితో తడిమింది. ఆ వేలిని తలుచుకుంటే నాకిప్పటికీ నా దీపాన్ని నేనే ఆర్పేసుకోవాలనిపిస్తుంది.

ఆ తరవాతి వేసవిలో వచ్చింది హైమావతి.

హైమావతి, ఆవిడ భర్త బసవయ్య, ఒక పాత వ్యానులో పొయ్యి పెట్టుకుని కలెక్టరాఫీసు రోడ్డులో ఇడ్లీ, పునుగులు అమ్మేవాళ్ళు. వండేది ఆవిడ, వ్యాను తోలేది ఆయన. సుగర్ వచ్చి బసవయ్య చూపు మసకబారింది. ఇక బండి ముట్టుకోవద్దని కంటి డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. అద్దెకి పెట్టుకున్న డ్రైవరు వచ్చిన రోజు వ్యాపారం, రాని రోజు గంపెడు పిండి పులుపు. ఆవిడ నేర్చుకుంటే వ్యాను నిలుస్తుంది, లేకపోతే అమ్ముకోవలసిందే. ఈ సంగతులన్నీ ఆవిడ మొదటి రోజే స్టీరింగ్ మీద చేతులు పెట్టి కోటిలింగానికి చెప్పింది. "నాకు సరదాకి కాదండీ మాస్టారూ, బతకడానికి" అంది.

ఆవిడది శ్రద్ధగల కాలు. చెప్పులు విప్పి వెనక పెట్టి, పిండి రుబ్బేటప్పుడు రాయి బరువు చూసుకున్నట్టు క్లచ్ బరువు చూసుకునేది. మెల్లగా వదిలేది, అచ్చం పుస్తకంలో చెప్పినట్టు. ఎంత మెల్లగా వదిలితే నా టక్‌కి అంత బాగా దొరికిపోయేది. గాభరాగా ఆక్సిలరేటర్ తొక్కేవాళ్ళు ఎలాగో గట్టెక్కేవాళ్ళు, ఆవిడ మాత్రం జాగ్రత్త వల్లే ఓడిపోయేది. బండి ఆగగానే తన పాదం వైపు చూసుకునేది. పరాయి ఇంట్లో గిన్నె పగలగొట్టిన పిల్లాణ్ణి చూస్తారే, అలా చూసేది ఆ పాదాన్ని.

ఒక మధ్యాహ్నం మిర్చి యార్డు గేటు ముందు, ముందూ వెనకా టిక్కీల లారీలు, మధ్యలో మా బండి. గేటు తెరిచారు. ఆవిడ క్లచ్ వదిలింది. టక్. బండి ఆగింది. తాళం తిప్పి మళ్ళీ వదిలింది. మళ్ళీ టక్. వెనక లారీ హారన్ మోత. ఒక డ్రైవరు తల బయటపెట్టి, "ఇంటికాడ కూచోక ఎందుకమ్మా మా పానాలు తీస్తరు!" అని అరిచాడు. హమాలీలు నవ్వారు. కోటిలింగానికి పరువు పోయినట్టయింది. ఆ కోపంలో ఆ మాట ఈసారి హాస్యంగా అనలేదు.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా! అది కాలా, కర్రా? నిజంగా మీదేనా అది?"

హైమావతి హ్యాండ్ బ్రేక్ వేసింది. తలుపు తీసింది. వెనక సీట్లోంచి చెప్పులు తీసుకుని, చేత్తో పట్టుకునే, ఆ లారీల మధ్యనుంచి ఆ ఎండలో నడిచి వెళ్ళిపోయింది. ఘాటుకి కాబోలు కొంగుతో ముఖం తుడుచుకుంటూ పోతోంది. నేను వెలుగుతూనే ఉన్నాను. నోరున్న ఏ వస్తువైనా ఆ క్షణాన అరిచి ఉండేది. నా నోరు నల్ల టేపు చుట్టుకుని డాష్‌బోర్డు చీకట్లో పడుంది.

ఆవిడ పాఠాలకి రావడం మానేసింది. కానీ పరీక్షకి అప్పటికే స్లాటు బుక్కయి ఉంది. "వచ్చిన అవకాశం ఎందుకు పోగొట్టుకోవడం, ఓసారి పోయిరా" అని బసవయ్య బతిమాలితే ఆ రోజుకి వచ్చింది. వస్తూనే, "తప్పుతాననే వచ్చానండీ, ఆయన మాట కాదనలేక" అంది. కోటిలింగం అలవాటు ప్రకారం నన్ను ఆపాడు, నిమ్మకాయ తొక్కించాడు, దిగి చెట్టు కింద నిలబడ్డాడు. పరీక్ష పెట్టే బ్రేక్ ఇన్‌స్పెక్టరు చెయ్యి ఊపాడు. ఆవిడ ఎనిమిది అంకె తిప్పింది. ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించింది. బండి పట్టుబట్ట జారినంత మెత్తగా కదిలింది. ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి, "బాగా నేర్పావు కోటిలింగం" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు కూడా ఆవిడే నడుపుతోంది. కోటిలింగం మహా ఉత్సాహంగా ఉన్నాడు. యార్డు దగ్గరికి రాగానే ఘాటు తగిలి అద్దాలు ఎత్తించాడు, నన్ను నొక్కాడు. ముందు ఒక రిక్షా అడ్డం వస్తే ఆవిడ బండి ఆపి, మళ్ళీ క్లచ్ వదిలింది. టక్. బండి ఆగింది.

"అమ్మా, కాలు మీ..." అని మొదలుపెట్టి కోటిలింగం ఆగిపోయాడు. అప్పుడు ఆయన చూపు ఆవిడ పాదం మీదే ఉంది. ఆ పాదం వణకలేదు, జారలేదు. ఇందాక ఎత్తు మీద ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. మారింది ఒక్కటే. ఆయన నా వైపు చూశాడు. అన్నేళ్ళలో ఆయన నన్ను నిజంగా చూడడం అదే మొదటిసారి. మెల్లగా నన్ను ఆపేశాడు. ఆవిడ తాళం తిప్పి క్లచ్ వదిలింది. బండి మెత్తగా కదిలింది. కొంతదూరం పోయాక స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆవిడ బండిని పూర్తిగా నెమ్మది చేసినప్పుడు, ఆవిడ చూడకుండా మళ్ళీ నన్ను నొక్కాడు. టక్. బండి చచ్చింది. నన్ను ఆపేసిన ఆయన వేలు చెమటతో తడిసి ఉంది.

హైమావతి నిట్టూర్చి నవ్వింది. "చూశారా మాస్టారూ, నిమ్మకాయ బలం అయిపోయింది. గ్రౌండ్‌లో ఏదో గుడ్డిగా గట్టెక్కాను. రోడ్డు మీద నావల్ల కాదండీ. పొయ్యి మీద నూనె, వెనకాల ఈయన... ఎక్కడో ఆగిపోయి ఎవరి మీదకో పోతే? సాయంత్రం వ్యాను బేరానికి వస్తన్నారు. ఇచ్చేస్తన్నాం."

ఆ క్షణాన నోరున్న మనిషి కూడా నాలాగే కూర్చున్నాడు. నాకు టేపు చుట్టారు. ఆయనకి ఎవరు చుట్టారు? చెబితే బోర్డు పేరు ఏమవుతుందోనని కాబోలు, ఎంతమంది ఆడవాళ్ళు వచ్చి ముఖం మీద అడుగుతారోనని కాబోలు. ఆవిడ దిగి, నమస్కారం పెట్టి, సందులోకి వెళ్ళిపోయింది. "మంచిదమ్మా" అన్నాడు కోటిలింగం, అంతే.

తన ఆఫీసు ముందు బండి ఆపి డ్రైవరు సీట్లోకి మారాడు. చెప్పు విప్పాడు. ఆక్సిలరేటర్ మీదనుంచి కాలు పూర్తిగా తీసేసి, నేర్చుకునేవాళ్ళలాగా మెల్లగా, మరీ మెల్లగా క్లచ్ వదులుతూ నన్ను నొక్కాడు. బండి ఆగింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ ఆగింది. ఎదురుగా టీ కొట్టు ముందు నిలబడ్డవాళ్ళు చూస్తున్నారు. రోజూ ఈ పాఠాలు వినే టీ కొట్టతను నవ్వుతూ కేకేశాడు. "ఏంది కోటిలింగం, కాలు నీదేనా, పక్కింటోళ్ళదా?"

అంతా నవ్వారు. కోటిలింగం ముఖం మిరపపండయింది. తన మాట తన చెవిలో పడితే ఎలా ఉంటుందో అప్పటిదాకా ఆయనకి తెలియదు. కాసేపు స్టీరింగ్ మీద తల వాల్చుకున్నాడు. తరవాత బండి తిప్పాడు.

హైమావతి ఇంటి ముందు వ్యాను నిలబడి ఉంది. కొనడానికొచ్చినాయన తాళంచెవి వేలికి తగిలించుకుని టైర్లు తన్ని చూస్తున్నాడు. బసవయ్య గోడకానుకుని, కనపడకపోయినా వ్యాను వైపే ముఖం పెట్టి నిలబడ్డాడు. కోటిలింగం నా కారు దిగలేదు. తలుపు మాత్రం తెరిచి, "అమ్మా, ఒక్కసారి వచ్చి కూర్చోండి" అన్నాడు.

"ఇంకా ఎందుకండీ మాస్టారూ? ఇంతమందిలో ఇంకోసారి సిగ్గుపడ్డానికా?"

"సిగ్గు మీది కాదమ్మా, నాది. మీరు కూర్చోండి."

ఆవిడ కూర్చుంది. ఆయన నా మీద వేలు పెట్టి, "ఇది ఆపి కదిలించండి" అన్నాడు. కదిలింది. "ఇప్పుడు వేసి." ఆగింది. "మళ్ళీ ఆపి." కదిలింది. నాలుగోసారి ఆయన చెప్పకముందే ఆవిడే నన్ను నొక్కింది. బండి ఆగింది. నా దీపం ఆవిడ ముఖం మీద పడుతోంది. నేను ఆ చూపుని తట్టుకోలేకపోయాను.

"ముగ్గా?" అంది, చాలా చిన్నగా.

"అవునమ్మా. ఏసీ వేస్తే ఇంజన్‌కి తెలియాల. తెలిపే వైరు కలపలా. తప్పు బండిది. తప్పు నాది. ఇన్నాళ్ళూ మిమ్మల్ని..." కోటిలింగం తల ఎత్తలేదు.

హైమావతి కోప్పడలేదు. కోప్పడితే మా ఇద్దరికీ తేలికయ్యేది. ఆవిడ వంగి తన పాదం వైపు చూసుకుంది. చెయ్యి చాపి దాన్ని తాకింది కూడా.

"అయితే మాస్టారూ, ఈ కాలు నాదేనంటారా?"

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే అడిగింది. ఆయన జవాబు కోసం నిజంగానే ఎదురుచూసింది.

"మీదేనమ్మా" అన్నాడు కోటిలింగం.

ఆవిడ కారు దిగింది. కొనడానికొచ్చినాయన దగ్గరికి వెళ్ళి, "ఆ తాళం ఇటివ్వండి బాబాయ్, వ్యాను అమ్మడంలా" అని చెయ్యి చాపింది. బసవయ్య ముఖం ఆ గొంతు వైపు తిరిగింది. వ్యానుకి ఏసీ లేదు, బటన్లు లేవు. ఆవిడ ఎక్కి, మెల్లగా, ఎప్పట్లాగే మరీ మెల్లగా క్లచ్ వదిలింది. వ్యాను కదిలి సందు చివరదాకా వెళ్ళి మలుపు తిరిగింది.

మర్నాడే నాంచారయ్య చేత పచ్చ తీగ కలిపించాడు కోటిలింగం. బండి స్టార్టయింది, ఏ షోరూముకీ మోసుకుపోవలసిన పని పడలేదు. ఇప్పుడు నన్ను నొక్కితే నేను మనవి చేసుకుంటాను, ఇంజన్ కాచుకుంటుంది. కొత్తవాళ్ళ చేతిలో బండి ఆగడం మానలేదు. కానీ ఆగినప్పుడు ఆ పాత మాట కోటిలింగం నోటిదాకా వచ్చి, నన్ను చూసి ఆగిపోతుంది. "ఏమైందమ్మా?" అని అడుగుతాడు. జవాబు చెప్పేదాకా ఆగుతాడు.

ఒకరోజు పాఠాలయ్యాక, పశువుల మందుల కొట్టు ముందు కారు ఆపాడు. లోపల ఇందుమతి ఎవరికో మందు కట్టి ఇస్తోంది. కోటిలింగం తలుపు పిడి మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నాడు. ఆవిడ తలెత్తి కారుని చూసింది, బోర్డు చదివింది, గుర్తుపట్టి మొహమాటంగా నవ్వి, ఏదో తప్పు చేసినట్టు ముఖం పక్కకి తిప్పుకుంది. కోటిలింగం దిగాడు. నేను లోపలే ఉండిపోయాను, దీపం ఆర్పుకుని.